తిట్టని త్రావొరే

ఆదివారం పొద్దున సియాకా త్రావొరే వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కరీబా జారా వస్తాడు. పందిరి కింద చాప మీద కూర్చోబెట్టాలి. మొదటి వాయి టీ పొయ్యాలి. టీవీలో 'నవ్వులిల్లు' పాత ఆటలు ఒక అరగంట పెట్టాలి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాలి. నవ్వి నవ్వి మనసు మెత్తబడ్డ మనిషి సంచీలోంచి కోలా కాయలు తీసి చేతిలో పెడతాడు. వాటిని పగలగొట్టి నలుగురికీ పంచితే చెల్లెలు న్యాగలే పెళ్లి ఖాయమైనట్టే. ఇంతే కదా, ఇందులో చెడిపోవడానికి ఏముందని సియాకా పళ్లు తోముకుంటూ అనుకున్నాడు.

సేగూ ఊళ్లో సియాకా దర్జీ. అంగీల మెడ చుట్టూ అతను వేసే కుట్టుపనికి ఎంత పేరుందో 'నవ్వులిల్లు' మీద అతని తీర్పుకీ అంత పేరుంది. నలభై ఏళ్లుగా శనివారం శనివారం టీవీలో వస్తున్న కార్యక్రమం అది. చిన్న చిన్న హాస్యపు ఆటలు, ఒకదాని వెనక ఒకటి. పాత నటులు ముసలివాళ్లై తప్పుకోవడం, కొత్తవాళ్లు రావడం, అలా నాలుగు తరాలు మారాయి. మొదటిది పల్లెల్లో పగటివేషాలు వేసుకుని తిరిగిన మగవాళ్ల తరం. రెండోది ఆడవాళ్ల తరం, రోకలి పట్టుకొచ్చి మొగుళ్లని ఉతికి ఆరేసిన తరం. మూడోది ప్రకటనల తరం, ప్రతి ఆటా పులుసులో రుచికి వేసే బిళ్లల పొగడ్తతోనే ముగిసేది. నాలుగోది ఇప్పటి ఫోన్ల తరం.

సాయంత్రం టీ అరుగు దగ్గర ఎవరు అడిగినా అడక్కపోయినా సియాకా మాట ఒకటే. "హాస్యమంటే మొదటి తరానిదేరా నాయనా! ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్లం. ఒక్క పాడు మాట ఉండేదా? ఆ తరవాత వచ్చిందంతా ఎంగిలి కూడే." ఆ మొదటి తరం ఆటల్లో ఒక్కటి కూడా అతను పెళ్లయ్యాక మళ్లీ చూడలేదు. చూడకుండానే అంటున్నాడన్న సంగతి అతనికీ తట్టలేదు, వినేవాళ్లకీ తట్టలేదు. ఈ ఆదివారం కోసమని ఫోన్లు బాగుచేసే కొట్టుకి వెళ్లి, నాలుగు తరాల ఆటలూ ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చాడు.

కరీబా జారాకి కూడా మొదటి తరమంటే ప్రాణమని రేవులో అందరూ చెప్పుకుంటారు. ఆయనకి నది మీద పడవలున్నాయి. వాటిలో ఒకటి ఆయన తమ్ముడు ద్రీసా మోప్తీ రేవు దాకా నడుపుతాడు. పొగబెట్టిన చేపలు అమ్మే న్యాగలే సరుకు ఆ పడవలోనే వస్తుంది. గంపలు దించే దగ్గర మొదలైన మాటలు ఏడాది తిరిగేసరికి పెళ్లిదాకా వచ్చాయి. న్యాగలే మొదటి భర్త పోయి నాలుగేళ్లు. నలభై దాటింది. ఎవరి సాయమూ లేకుండా తన కాళ్ల మీద తను నిలబడ్డ మనిషి, ఇన్నాళ్లకి ఒకణ్ణి చూసి ముఖం నిండా నవ్వింది. కానీ జారాల ఇంట్లో తమ్ముళ్లు అన్న గీసిన గీత దాటరు. కరీబా కోలా కాయలు ఇస్తేనే పెళ్లి.

అందుకే సియాకా పళ్లు తోముకుని వెనక్కి తిరిగేసరికి భార్య అసీతన్, చెల్లెలు న్యాగలే ఇద్దరూ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు.

"అన్నయ్యా, ఒట్టు పెట్టు," అంది న్యాగలే.

"దేనికే పొద్దున్నే?"

"ఇవాళ పొద్దు గుంకేదాకా నీ నోట్లోంచి ఒక్క తిట్టు రాకూడదు."

"జారాని తిట్టకుండా ఎలాగే! త్రావొరేగా పుట్టి ఆ పని చెయ్యకపోతే ఇంకెందుకు పుట్టినట్టు?"

ఆ మాటలో అబద్ధం లేదు. త్రావొరే ఇంటిపేరు వాళ్లకీ జారా ఇంటిపేరు వాళ్లకీ తాతల నాటి నుంచీ వేళాకోళపు చుట్టరికం. దారిలో ఎదురైతే చాలు, త్రావొరే జారాని 'బొబ్బర్ల బస్తా' అనాలి, జారా త్రావొరేని 'మా ఇంటి పాలేరు' అనాలి. చావింట్లో శవం ముందు కూడా దీనికి మినహాయింపు లేదు. ఎంత తిట్టినా కోపం రాకూడదు, వస్తే వాడు మనిషే కాదు.

"అదంతా బజార్లో," అంది అసీతన్. "ఇవాళ ఆయన పడవల జారా కాదండీ, వియ్యాలవారు. వియ్యాలవారి ముందు తల వంచుకుని ఉండాలా వద్దా?"

"పోయినేడు సికాసో సంబంధం ఏమైందో నువ్వే చెప్పు," అంది న్యాగలే.

 చెప్పడానికేముంది? సికాసో నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి కరీబా పడవలోంచి దిగాడు. జారాల పడవలోంచి దిగాడు కాబట్టి జారాయే అనుకుని, కూర్చోకముందే బొబ్బర్ల బస్తా అని, కూర్చున్నాక మా తాత కట్టేసిన గాడిద అని, సియాకా మర్యాదలన్నీ చేశాడు. తీరా ఆయన సిదిబే. సిదిబేలకీ త్రావొరేలకీ ఏ వేళాకోళమూ లేదు. ఆయన టీ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు.

"ఈసారి కూడా నీ నోటి వల్ల చెడిందనుకో," అంది న్యాగలే, "నేనెక్కడికీ పోను. ఇక్కడే ఉంటా. నా చేపలన్నీ నీ కుట్టుమిషను పక్కనే ఆరబెడతా. నీ అంగీలు వేసుకున్న వాళ్ల వెనకాల ఊళ్లో పిల్లులన్నీ నడవాలి."

సియాకా అమ్మ పేరు మీద ఒట్టు పెట్టాడు. అసీతన్ అంతటితో ఊరుకోలేదు. ఇంట్లో ఉన్న బొబ్బర్లన్నీ గింజ మిగలకుండా గంపలోకి ఎత్తి పక్కింట్లో దాచింది. గుమ్మం ముందు బొబ్బర్ల వడలు వేసే ఆవిణ్ణి బతిమాలి ఇంకో సందులోకి పంపేసింది. ఇక ఇంట్లో జారాని నొప్పించేది ఏదీ లేదు.

తొమ్మిదింటికి కరీబా జారా రానే వచ్చాడు. లేత నీలం అంగీ, భుజాన తోలు సంచీ, వెంట భట్రాజు నుహుం. పెళ్లి మాటలు పెద్దలు నేరుగా మాట్లాడుకోరు కదా. భట్రాజు మధ్యన కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి అందిస్తాడు, అందిస్తూ కాస్త పోపు కూడా పెడతాడు.

కరీబా గుమ్మం బయటే నిలబడి చేతికర్రతో తలుపు కొట్టాడు. "ఏమోయ్, ఈ కొట్టంలో మనుషులున్నారా, అంతా త్రావొరేలేనా? మా పాలేరు సియాకా బతికే ఉన్నాడా?"

సియాకా నాలుక దురద పెట్టింది. 'ఉన్నానురా బొబ్బర్ల బస్తా, నీ పొట్ట ఈ గుమ్మంలో పడుతుందా, గోడ పగలగొట్టించమంటావా' అన్న జవాబు పెదవి దాకా వచ్చింది. దాన్ని చేపముల్లు మింగినట్టు మింగి, రెండు చేతులూ కట్టుకుని, "దయచేయండి పెద్దలు. మీ పాదం మోపారు, మా ఇల్లు చల్లబడింది," అన్నాడు.

కరీబా నవ్వు సగంలో ఆగిపోయింది. తన వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "నుహుం, ఇతను ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"మీతోనే అయ్యా."

చాప మీద కూర్చున్నాక కరీబా ఇంకోసారి ప్రయత్నించాడు. "ఏమయ్యా, మీ తాతని మా తాత రెండు ముంతల ఉప్పుకి కొన్నాడు, గుర్తుందా?"

"పెద్దలు ఏం చేసినా మా మంచికే చేస్తారు," అన్నాడు సియాకా, తల వంచుకుని.

తలుపు చాటు నుంచి అసీతన్ మెచ్చుకోలుగా తలూపింది. కరీబా మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని, బల్లకట్టు కోసం కాచుకున్నవాడిలా కూర్చున్నాడు. మొహమాట పడుతున్నాడు, నవ్విస్తే సర్దుకుంటాడని సియాకా గబగబా టీవీ పెట్టాడు.

మసక మసకగా బొమ్మ వచ్చింది. ఒక పెరడు, రెండు ముక్కాలిపీటలు, పైనుంచి చచ్చిన గబ్బిలంలా వేలాడుతున్న మైకు. ఒక నటుడు గుమ్మంలోకి వస్తూనే, "ఏడిరా ఆ బొబ్బర్లు మేసే జారా! వాడి కడుపులో గాలికి మా ఇంటికప్పు లేచిపోయింది!" అని అరిచాడు.

కరీబా ముఖం కొట్టు తలుపు తీసినట్టు తెరుచుకుంది. పన్ను కూడా కనబడింది. సియాకా అది చూడలేదు. అతనికి వినపడింది జారా అన్న పేరు, బొబ్బర్లన్న మాట. గభాలున రిమోటు నొక్కేశాడు. ఒక్క పాడు మాట లేదని ఊరంతా చెప్పుకు తిరిగిన తరం నోరు తెరవగానే ఇదేం మాట!

కరీబా, నుహుం తలలు దగ్గర పెట్టి ఏదో గొణుక్కున్నారు. నుహుం గొంతు సవరించుకున్నాడు. "జారా దొర అడుగుతున్నారు, ఆ ఆట ఎందుకు ఆపారని."

"వారి పేరుకి అలాంటి మాటలు తగిలించి మా ఇంట్లో వినపడనిస్తామా, అందుకని చెప్పండి."

నుహుం కరీబా వైపు తిరిగాడు. "మీ పేరు వాళ్లింట్లో వినపడనివ్వరట."

పోపు పెట్టాల్సిన చోట ఉన్న కూర కూడా తీసేశాడేమిటని సియాకా నోరు తెరిచేలోగా టీవీలో రెండో ఆట మొదలైంది. నత్తివాడు నీళ్లు అడుగుతుంటాడు. 'నీ' దగ్గరే ఆగిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు వాణ్ణి అనుకరిస్తూ విరగబడి నవ్వుతుంటారు. చిన్నప్పుడు ఈ ఆటకి సియాకా నేల మీద దొర్లాడు. ఇప్పుడు చూస్తే వాడికి ఎవరైనా ఇన్ని నీళ్లు పోస్తే బాగుండుననిపించింది.

"మా చిన్నవాడికి నత్తి," అన్నాడు నుహుం, ఎవరి మాటా అందించకుండా, సొంతంగా.

రిమోటు నొక్కక తప్పలేదు. మూడో ఆటలో ఒక ముసలాయన పీట మీద కూర్చోబోతాడు. అంతే ఆట. కూర్చోబోతాడు, లేస్తాడు, పీట జరుపుతాడు, మళ్లీ కూర్చోబోతాడు. టీ మొదటి వాయి అయిపోయింది, రెండో వాయికి నీళ్లు మరిగాయి, ముసలాయన ఇంకా కూర్చోలేదు. ఇది ఇంత పొడుగుండేదా అప్పుడు? సియాకా పీట దగ్గర ముసలాయన్ని అలాగే వదిలేసి ముందుకు తోశాడు.

నాలుగోది సైకిలు ఆట. ఇది తప్పదు, ఇది మాత్రం గురి తప్పదు. టీ అరుగు దగ్గర అతను చేతులూ కాళ్లూ ఊపుతూ ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో! "ఇదిగో, ఇది చూడండి పెద్దలు," అని ముందుకి జరిగి కూర్చున్నాడు. ఒకడు సైకిలు కొనడానికి వచ్చాడు. తొక్కి చూస్తానన్నాడు. ఎక్కాడు. పడ్డాడు. ఆట అయిపోయింది.

ఎవరూ నవ్వలేదు. పందిట్లో ఒక కోడిపెట్ట అటునుంచి ఇటు నడిచి వెళ్లింది. సియాకా కూడా నవ్వలేదు. అప్పట్లో సందు మొత్తానికీ పంతులుగారింట్లో ఒక్కటే టీవీ. తండ్రి పక్కన గోడకి ఆనుకుని చూశాడు ఈ ఆట. ఊరందరినీ నవ్వించి తను మాత్రం పెదవి విప్పని ఆ మనిషి, సైకిలు మీంచి వాడు పడగానే టోపీ ఊడిపోయేలా నవ్వాడు. పిల్లవాడు చూసింది ఆ నవ్వుని. తను నవ్వింది ఆ నవ్వుకి. ఇప్పుడు పక్కన నాన్న లేడు. సైకిలు మీంచి పడ్డవాడు ఉత్తినే పడ్డాడు.

"అయిపోయిందా?" అన్నాడు నుహుం.

సియాకాకి ఒళ్లు మండింది. ఎవరి మీదో అతనికే తెలియదు. ఏ బొత్తాం నొక్కాడో ఏమో, రెండో తరం వచ్చిపడింది. భారీ విగ్రహం గల ఒక ఆడమనిషి రోకలి భుజాన వేసుకుని నిలబడింది. భర్త పోయిన ఆడదట, రెండో పెళ్లికి ఒప్పుకోవాలంటే వరుడు ముందు బియ్యం దంచి చూపించాలట. వరుడు రోకలి ఎత్తలేక ఎత్తలేక ఎత్తి తన కాలి మీదే వేసుకున్నాడు. "వీడు దంచడానికి కాదు, దంపించుకోవడానికి పుట్టాడు!" అంది ఆవిడ.

ఇంట్లోంచి ఫక్కున నవ్వు వినిపించింది. న్యాగలే. కరీబా భుజాలు కూడా ఒక్కసారి కదిలాయి. టీ పోస్తున్న సియాకా చెయ్యి కూడా కదిలింది, కొంచెం ఒలికింది. ఈ తరాన్నే కదా తను ఇరవై ఏళ్లుగా సిగ్గులేని ఆడవాళ్ల తరమని తిట్టిపోసింది! అంతలోనే మెరుపులా తట్టింది. భర్త పోయిన ఆడది, రెండో పెళ్లి... ఏ పని మీద వచ్చారో వాళ్ల ముందే! నొక్కేశాడు.

"అయ్యో, ఎందుకు మార్చావన్నయ్యా!" అని తెర వెనక నుంచి అరుపు.

నుహుం కరీబా చెవిలోకి వంగి, ఈసారి అందరికీ వినపడేలాగే అన్నాడు. "పెళ్లి ఊసు రాగానే ఆపేశారయ్యా."

"అది కాదు భట్రాజు గారూ..." అంటున్నాడు సియాకా. టీవీ ఆగలేదు. మూడో తరం. మొగుడూ పెళ్లాం కొట్టుకున్నారు, పులుసులో బిళ్ల పడింది, కలిసిపోయారు. అత్తాకోడలు కొట్టుకున్నారు, బిళ్ల పడింది. ఇద్దరు పెద్దమనుషులు పొలం గట్టు దగ్గర కొట్టుకున్నారు. బిళ్ల ఎక్కడి నుంచి పడుతుందా అని చూస్తే చెట్టు మీంచి పడింది.

"పులుసు బిళ్లలు కొనుక్కుని మన ఇంట్లోనే వండుకు తినమంటున్నట్టున్నారు," అన్నాడు కరీబా, గోడతో చెప్పినట్టు.

కంగారులో ఇంకో నొక్కు నొక్కితే నాలుగో తరం. ఇంటికప్పు మీద ఒకడు గంతులేశాడు, అయిపోయింది. మేక ఫోను తినేసింది, మేక కడుపులోంచి ఫోను మోగింది, అయిపోయింది. ఆ మేక ముఖం చూసి సియాకాకి నవ్వొచ్చింది. ఎంగిలి కూడు చూసి నవ్వినందుకు తనని తను క్షమించుకోలేక టీవీయే ఆపేశాడు.

ఇక మిగిలింది భోజనం. సజ్జ సంగటి, బెండకాయ పులుసు, నదిలోంచి పొద్దున్నే తెచ్చిన పెద్ద చేప. అసీతన్ పళ్లెం దించి మూత తీసింది. కరీబా చెయ్యి కడుక్కుని, ముందుకి చాచి, ఆగాడు. గొంతులో ఆఖరి ఆశ లాంటిది పెట్టుకుని అడిగాడు. "ఇందులో బొబ్బర్లు... ఎక్కడా లేవా?"

"అయ్యయ్యో, మీకు బొబ్బర్లు పెడతామా బాబుగారూ!" అంది అసీతన్ నోరు నొక్కుకుని. "మీరొస్తున్నారని ఇంట్లో ఒక్క గింజ లేకుండా ఊడ్చేశాం."

కరీబా చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెతుకు ముట్టని చేతిని మళ్లీ కడుక్కున్నాడు. సంచీ భుజాన వేసుకుని లేచాడు. సంచీలో కోలా కాయలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. ఆ చప్పుడు ఇంట్లో ఉన్న న్యాగలేకి కూడా వినపడింది.

సియాకా చెప్పులు వేసుకోకుండా, రిమోటు చేతిలోనే పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. "పెద్దలు క్షమించాలి. తెలియక ఏదైనా తప్పు జరిగితే మన్నించాలి. మీ పాదాల దగ్గర ఉండేవాణ్ణి." అంటూ టోపీ తీశాడు. ఒక మోకాలు కూడా వంచాడు. ఎదురింటి వాకిట్లో తగరం రేకులు సాగగొట్టే కమ్మరి సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. జనం పోగయ్యారు. ఒక త్రావొరే ఒక జారా ముందు మోకాలు వంచడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

కరీబా చేతికర్ర నేలకేసి కొట్టాడు. ఈసారి భట్రాజుతో కూడా పని లేకపోయింది.

"నేనేం చేశానయ్యా నీకు?" అన్నాడు.  "నా పెళ్లిలో మీ నాన్న నా బూట్లు ఎత్తుకెళ్లి గాడిద కాళ్లకి తొడిగాడు. మా నాన్న పోయిన రోజు ఆయనే వచ్చి, శవం దగ్గర కూర్చుని, 'లేవరా, బొబ్బర్లు ఉడికాయి' అంటే ఏడుస్తున్న మా అమ్మ నవ్వింది. ఆ ఇంటికి కదా నేను వచ్చింది! నువ్వేమో 'దయచేయండి' అంటావు, 'పెద్దలు' అంటావు. పన్ను వసూలుకొచ్చానా? పరాయివాణ్ణా? గుమ్మంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఒక్క తిట్టు లేదు, ఒక్క బొబ్బర గింజ లేదు. ఈ చుట్టరికం మాకొద్దని ఇంతకంటే ఎలా చెప్తారు ఎవరైనా?"

సియాకా నోరు తెరిచాడు. నాలుక మీద బొబ్బర్ల బస్తా సిద్ధంగా కూర్చుని ఉంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు. అమ్మ పేరు మీద పెట్టిన ఒట్టు అడ్డొచ్చింది. నోరు మూశాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు. ఒడ్డున పడ్డ చేపలా రెండు మూడుసార్లు అలా చేసి, చివరికి, "చిత్తం," అన్నాడు.

కరీబా వెనక్కి తిరిగి నడిచాడు.

"ఆగవయ్యా జారా!"

పెళ్లి మాటలయ్యేదాకా గడప దాటకూడని న్యాగలే నడివీధిలో ఉంది. తల మీద గుడ్డ భుజం మీదికి జారింది. చేతిలో పులుసు గరిటె.

"ఎక్కడికి పోతున్నావ్, తాడు తెగిన పడవలాగా? పొద్దున్నుంచీ నీ కోసం ఇంట్లో అందరం నోళ్లు కుట్టుకుని కూర్చున్నాం. మా అన్నయ్యకి తిట్లు లోపల పేరుకుపోయి ముఖం వాచింది, చూడు! మా వదిన బొబ్బర్లు పక్కింట్లో దాచింది ఎందుకో తెలుసా? నీ వాసన తగిలితే అవే లేచి నడుచుకుంటూ నీ పొట్టలోకి వెళ్లిపోతాయని. మీ తాత మా తాతని కొనడమేంటయ్యా, మా తాతే మీ తాతని కొన్నాడు, అదీ ఉప్పుకి కాదు, ఊకకి. ఆ ఊక కూడా దండగని మా నాయనమ్మ చచ్చేదాకా ఏడ్చింది. నీకు పడవలున్నాయట పడవలు! నువ్వు ఎక్కితే పడవ మునిగి మీద పడుతుందని చేపలన్నీ మోప్తీకి వలస పోతున్నాయి. నీ తమ్ముణ్ణి చేసుకుంటానన్నది ఎందుకనుకున్నావ్, ఆ ఇంట్లో ఒక్కడికైనా సరిగా తిండి పెట్టి మనిషిని చేద్దామని!"

 అసీతన్ గుమ్మంలో కూలబడిపోయింది. కరీబా కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆయన మీసం ఒక పక్క మాత్రం అదురుతోంది.

జనంలోంచి ఒక ముసలావిడ బుగ్గ నొక్కుకుంది. "ఏమే, కాబోయే బావగారిని పట్టుకుని అవేం మాటలే?"

"కాబోయే! ఇంకా కాలేదుగా అవ్వా," అంది న్యాగలే గరిటె ఆమె వైపు తిప్పి. "పెళ్లయ్యేదాకా ఈయన నాకు జారా. పెళ్లయిన క్షణం నుంచి బావగారు. అప్పుడు ముసుగు దించుకుని, నేల చూసుకుని, అడిగినదానికి మాత్రమే జవాబిస్తా. అందుకే బతికినన్నాళ్లకీ సరిపడా ఇప్పుడే తిట్టేసుకుంటున్నా. మీరు అడ్డు రాకండి."

కరీబా కమ్మరి వాకిట్లో ఉన్న మొద్దు మీద చతికిలబడి, కళ్లలోంచి నీళ్లు కారేలా, ఊపిరాడనట్టు నవ్వాడు. మొద్దు కూడా ఆయనతోపాటు ఊగింది. "నుహుం, విన్నావా? ఊకకట!"

"అవునయ్యా, ఊరంతా విన్నది," అన్నాడు భట్రాజు, కళ్లు తుడుచుకుంటూ.

కోలా కాయలు అక్కడే, ఆ మొద్దు మీదే బయటికొచ్చాయి. సియాకా పగలగొట్టాడు. కమ్మరికో ముక్క, ముసలావిడకో ముక్క. పెళ్లి గురువారమని నుహుం నడివీధిలో గొంతెత్తి చాటాడు. పోపు మాత్రం ఈసారి దండిగా పెట్టాడు.

అందరూ మళ్లీ పందిట్లోకి వచ్చారు. పక్కింట్లోంచి బొబ్బర్ల గంప వచ్చింది. "టీవీ పెట్టవయ్యా," అన్నాడు కరీబా చాప మీద బాసింపట్టు వేసుకుని, "ఆ రోకలావిడది."

"మీకు మొదటి తరమంటే ప్రాణమని..."

"ఎవడికయ్యా ప్రాణం? ఆ పీట ముసలాయన ఇప్పటికీ కూర్చోలేదు. నా వయసుకి అలా అనకపోతే బాగుండదని అంటూ వచ్చాను."

సియాకా తలుపు దగ్గరున్న చెల్లెలి వైపు దీనంగా చూశాడు. "అమ్మాయ్, ఖాయమైందిగా. ఇక నేను కూడా ఓ మాట అనొచ్చా?"

"అమ్మ పేరు మీద పెట్టావు, పొద్దు గుంకేదాకా అని," అంది న్యాగలే. "అమ్మకి ఏం చెప్తావో నువ్వే చూసుకో."

పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. అది తెలిశాక కరీబాకి అడ్డే లేకపోయింది. మా పాలేరూ టీ పొయ్యి, ఒరే ఊకా, గంప ఇటు జరుపు, నీ కుట్టు చూసి గాడిద కూడా అంగీ వద్దంది, అంటూ తాతల బాకీ మొత్తం వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నాడు. సియాకా పళ్లు బిగించి మూడో వాయి టీ పోస్తున్నాడు.

న్యాగలే ఫోను మోగింది. మోప్తీ రేవు నుంచి ద్రీసా. "ఏమైంది?"

"గురువారం."

అవతల ద్రీసా ఆ మాట రేవంతా వినపడేలా అరిచాడు. తరవాత, "వెనకాల మా అన్నయ్య గొంతే కదా అది? అంతలా ఎవర్ని తిడుతున్నాడు?"

"మా అన్నయ్యని."

"అయ్య బాబోయ్! మీ అన్నయ్య ఏమంటున్నాడు?"

న్యాగలే పందిట్లోకి తొంగి చూసింది.

"'చిత్తం' అంటున్నాడు."